మేనకోడలి సినిమా చానెల్‌కి మావయ్య ఉత్తరం

చి॥ బుజ్జికి,

మావయ్య ఆశీస్సులు.

నువ్వు చానెల్ పెడుతున్నావని మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసి చెప్పింది. ఉద్యోగం చేసుకుంటూనే శని, ఆదివారాల్లో కొత్త సినిమాల మీదా, తారలు కట్టిన బట్టల మీదా, ఆ వారం కబుర్ల మీదా నీ అభిప్రాయాలు చెబుతావట. "దానికి తెగువ ఎక్కువ, నువ్వైనా నాలుగు మాటలు చెప్పన్నయ్యా" అంది. విన్నాక ముందు గర్వమే కలిగింది. రెండో తరగతిలో ఉండగానే ఆదివారం పేపర్లో సినిమా పేజీ కత్తిరించి, నోటుబుక్కులో అంటించి, బొమ్మ కింద "అంచు బాగుంది, జాకెట్టు నప్పలేదు" అని వంకర అక్షరాలతో రాసిన గుంటవి నువ్వు. కంటికి కనబడింది చెప్పడం నీకు అప్పుడే వచ్చు. ఇప్పుడు నా దిగులల్లా, కంటికి కనబడనిది కూడా చెప్పేస్తావేమోనని. సినిమా పేజీ దిద్దినవాడిగా, పొందూరు నూలు మధ్య పెరిగినవాడిగా నాకు తెలిసినవి రాస్తున్నాను. దగ్గర పెట్టుకుని చదువుకో.

అన్నిటికంటే ముందు ఇది. విడుదల రోజు తెల్లవారుజామున థియేటర్ గేటు దగ్గర నిలబడి 'పబ్లిక్ టాక్' తీస్తానన్నావట. వద్దమ్మా. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాదు సంధ్య థియేటర్‌లో ప్రీమియర్‌కి హీరో వచ్చినప్పుడు జరిగిన తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది, ఆమె కొడుకు ఆసుపత్రి పాలయ్యాడు. వాళ్ళు సినిమా చూద్దామని వెళ్ళినవాళ్ళే, ఏ తప్పూ చెయ్యలేదు. సిరిమానోత్సవం రోజున విజయనగరం ఎలా ఉంటుందో నీకు తెలుసు. ఆ జనానికి నడవడానికి వీధులున్నాయి. థియేటర్ గేటుకి ఒకటే దారి, వెనక గోడ, పక్కన సైకిల్ స్టాండు. చదరపు మీటరు జాగాలో ఐదారుగురు నిలబడ్డారంటే ఇక మన కాళ్ళు మన మాట వినవు, జనం ఎటు ఊగితే అటు పోతాం. నాలుగు పక్కలా ఒంటికి ఒళ్ళు తగులుతున్నట్టు అనిపించిన క్షణమే బయటికి వచ్చెయ్యాలి. చిక్కుకుంటే రెండు చేతులూ ఛాతీకి ముందు అడ్డంగా పెట్టుకో, ఊపిరికి చోటుండాలి. తోపుకి ఎదురు తిరగకు. తోపు ఆగినప్పుడల్లా ఏటవాలుగా ఒక్కో అడుగు అంచు వైపు జరుగు. ఫోన్ కింద పడితే పడనీ, వంగకు. ఎంత ఖరీదు ఫోన్ అయినా సరే వంగకు.

జనం మాట కావాలంటే శనివారం మ్యాట్నీ వదిలాక, రోడ్డుకి అవతలి పక్క టీకొట్టు దగ్గర అడుగు. అభిమానుల కేకలు కాక, పిల్లలతో వచ్చినవాళ్ళు నిదానంగా చెప్పే మాటలు దొరుకుతాయి. ముఖం చూపించొచ్చా అని ముందే అడిగి, "సరే" అన్నది కూడా కెమెరాలో పట్టుకో. చిన్నపిల్లల్ని ఒంటరిగా అడగకు.

సామాను సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. కెమెరా కొనకు, నీ ఫోను చాలు. డబ్బు పెడితే కాలరుకి తగిలించే మైకు మీద పెట్టు. బొమ్మ కొంచెం మసగ్గా ఉన్నా జనం చూస్తారు, మాట గిన్నెలో మాట్లాడినట్టు మోగితే పది సెకన్లలో పోతారు. పరుపులు, దుప్పట్లు ఉన్న గదిలో, ఫ్యాను ఆపి, కిటికీ నీ ముఖానికి ఎదురుగా ఉండేలా కూర్చో. అంతే.

ఇప్పుడు పోయిన సంక్రాంతి రీలు సంగతి. మరిచిపోయాననుకున్నావేమో.

ఒక హీరోయిన్ ఏదో ఫంక్షన్‌కి లేత గోధుమరంగు నూలు చీర కట్టుకొచ్చింది. ఫొటో చూసి నువ్వు "ఇది మన పొందూరు ఖద్దరు, అసలైనది" అన్నావు. ఊరంతా ఆ రీలు పంచుకున్నారు. మూడో రోజుకల్లా ఆ చీర నేయించిన డిజైనరే తన పేజీలో రాసింది, అది వేరే రాష్ట్రంలో మగ్గం మీద మిల్లు నూలుతో నేసిన చీర అని. ఈలోగా బజార్లో ఒక కొట్టువాళ్ళు నీ రీలు ఫోన్లో చూపించి మరమగ్గం చీరలు 'హీరోయిన్ కట్టిన పొందూరు ఖద్దరు' అని అమ్ముకున్నారు. కొన్నవాళ్ళు మోసపోయారు, వడికేవాళ్ళ నోటిదగ్గర కూడు ఇంకొకరు తిన్నారు. నీ కడుపులో ఏ కల్మషమూ లేదని నాకు తెలుసు. మన ఊరి పేరు చెప్పాలన్న ఆత్రం నీది. కానీ ఆ ఆత్రమే తప్పు చేయించింది, అందుకే దీన్ని విప్పి చెబుతున్నాను.

ముందుగా, ఫొటోలో చీర చూసి అది ఎక్కడిదో ఎవ్వరూ చెప్పలేరు. నేతపని చేసే ముసలాయన్ని అడుగు, ఆయన కూడా చీర చేతికి ఇమ్మంటాడు. ఫొటోలో కనబడేది రంగు, అంచు వెడల్పు, కుచ్చిళ్ళు నిలబడ్డ తీరు, వెలుగు పడితే మెరుస్తోందా లేదా అన్నది. అంతవరకే నీ హక్కు. "నూలు చీరలా ఉంది, గంజి బాగా పట్టింది, అంచు సన్నగా ఉంది, ఎక్కడ నేశారో డిజైనర్ చెబితే చెబుతాను" అని ఉంటే సరిపోయేది.

రెండోది, చేనేత వేరు, ఖాదీ వేరు. మగ్గం మీద చేత్తో నేసిందల్లా చేనేత, అందులో నూలు మిల్లుది కావచ్చు. ఖాదీ అంటే నూలు కూడా చేత్తో వడకాలి, ఆపైన చేత్తో నెయ్యాలి. రెండు చేతులూ పడితేనే ఖాదీ. ఖాదీ మార్క్ నిబంధనలు 2013లో వచ్చాయి, ఆ గుర్తింపు లేకుండా బట్టని ఖాదీ అని అమ్మకూడదు. చేనేతకి హ్యాండ్లూమ్ మార్క్, పట్టుకి సిల్క్ మార్క్ వేరేగా ఉన్నాయి. ఏ ముద్ర ఏం చెబుతుందో అంతే చెబుతుంది. సిల్క్ మార్క్ ఉందంటే అది పట్టు అని అర్థం, మగ్గం మీద నేశారని కాదు. ఈ తేడా నూటికి తొంభై మంది ఫ్యాషన్ వీడియోల వాళ్ళకి పట్టదు.

మూడోది, మన పొందూరు బట్టకి ఆ పేరు ఊరకే రాలేదు. కొండపత్తి, ఎర్రపత్తి తెచ్చి, వాలుగ చేప దవడ ఎముకతో గింజ చుట్టూ ఉన్న దూదిని దువ్వుతారు. ఆ దవడకున్న సన్నటి పళ్ళు చెత్తని, పొట్టి పీచుని తీసేసి పొడుగు పీచుని మాత్రం వరసగా నిలబెడతాయి. పొడుగు పీచు ఉంటేనే సన్నటి నూలు తెగకుండా వస్తుంది. తర్వాత గింజ తీసి, ఏకి, ఏకుల్ని దుమ్ము పడకుండా ఎండిన అరటి దూటలో దాచుకుని, ఒంటి కదురు రాట్నం మీద ఆడవాళ్ళు వడుకుతారు. 100 కౌంటు దాకా వస్తుంది. అంకె పెరిగేకొద్దీ నూలు సన్నం అన్నమాట. అక్కినేని నాగేశ్వరరావు గారు ఇష్టపడి కట్టిన పంచెలు ఇవే. ఇంత పనినీ ఒక ఫొటో చూసి "అదే ఇది" అనేస్తే, ఆ పని చేసినవాళ్ళకి మనం ఇచ్చిన విలువ ఏటి?

చీర చేతికి వస్తే ఏం చూడాలో కూడా రాసుకో. చివర ఒక పోగు లాగి వెలిగించు. కాగితం కాలిన వాసన వచ్చి, మెత్తటి బూడిద రాలితే నూలు. వెంట్రుక కాలిన వాసన వచ్చి, నలిపితే పొడి అయ్యే నల్లటి ఉండ మిగిలితే పట్టు. కరిగి గట్టి పూస కడితే పాలిస్టరు. అయితే జాగ్రత్త, ఈ పరీక్ష నూలా కాదా అని మాత్రమే తేలుస్తుంది. చేత్తో వడికిందా మిల్లుదా అన్నది మంట చెప్పలేదు, రెండూ పత్తే కదా. దానికి భూతద్దం పెట్టి పోగుల్ని చూడాలి. మిల్లు నూలు ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే లావు. చేతినూలు అక్కడక్కడ లావెక్కి, మళ్ళీ సన్నబడుతుంది. మగ్గం బట్టకి అంచుల పొడవునా, నేసేటప్పుడు వెడల్పు నిలపడానికి పెట్టే బద్ద మొనలు దిగిన సన్నటి చిల్లులు తరచు కనబడతాయి. ఇక్కత్ అయితే తిరగేసి చూడు. పోగుకి ముందే రంగు అద్ది నేసింది కాబట్టి రెండు వైపులా బొమ్మ ఒకేలా ఉంటుంది, గీతల అంచులు ఈక చెదిరినట్టు ఉంటాయి. అచ్చు వేసిన నకిలీకి వెనక వైపు రంగు వెలవెలబోతుంది. కలంకారీ అన్నప్పుడు మచిలీపట్నం చెక్క అచ్చులతో వేసేదా, శ్రీకాళహస్తి కలంతో గీసేదా చెప్పాలి. జరీ చీర అయితే ఒక పోగుని గోటితో గీకు. అసలు జరీకి లోపల ఎర్రటి పట్టుదారం కనబడుతుంది.

నాలుగోది, నాకు అన్నిటికంటే బాధ కలిగించింది. తప్పు తెలిశాక నువ్వు చడీచప్పుడు లేకుండా రీలు తీసేశావు. తీసేస్తే పోయిందనుకున్నావు. అప్పటికే దాన్ని దింపుకున్నవాళ్ళ ఫోన్లలో అది అలాగే ఉంది, ఆ కొట్టులోనూ ఉంది. పేపర్లో అయితే తప్పు పడ్డ పేజీలోనే సవరణ వేస్తాం. నువ్వు కూడా అలాగే చెయ్యి. ఆ చీర గురించి చిన్న వీడియో తీసి, "నేను పొందూరు ఖద్దరు అన్నాను, కాదు, ఫలానా డిజైనర్ ఇలా చెప్పారు" అని మొదటి వాక్యంలోనే చెప్పు. కారణాలు, సంజాయిషీలు వద్దు. చానెల్‌కి అదే మొదటి వీడియో అయినా నాకు ఇష్టమే. కోపంగా రాస్తున్నాననుకోకు తల్లీ. పొందూరు మాట నీ నోట విన్న రోజు మన వీధిలో రాట్నం ముందు కూచున్న ఆడవాళ్ళు ఎంత మురిసిపోయారో చూశాను. వాళ్ళు నిన్ను నమ్మారు కాబట్టే ఇంత చెబుతున్నాను.

బట్టల సంగతిలో ఇంకొక్క మాట. ఎవరి పనిని ఎవరికి జమకడుతున్నావో చూసుకో. సినిమాలో బట్టలు కాస్ట్యూమ్ డిజైనర్ పని. ఫంక్షన్లలో కట్టుకొచ్చేవి సాధారణంగా స్టైలిస్ట్ ఎంపిక, కుట్టించింది ఇంకొక డిజైనర్. ఈ పేర్లు ఆ తారలే పోస్టు కింద రాస్తారు, అక్కడి నుంచే తీసుకో. 'మహానటి'కి జాతీయ అవార్డు వచ్చినప్పుడు కాస్ట్యూమ్స్‌కి ముగ్గురి పేర్లున్నాయి: ఇంద్రాక్షి పట్నాయక్, గౌరంగ్ షా, అర్చనా రావ్. చాలామంది హీరోయిన్‌ని పొగిడి ఊరుకున్నారు. నువ్వు ఆ పేర్లు చెప్పే మనిషివి కావాలి. విమర్శ చేసినా కుట్టు మీద చెయ్యి. భుజం కుట్టు భుజం ఎముక మీద కూర్చుందా, జారిందా? చంక దగ్గర ముడతలు పడుతున్నాయంటే ఆర్మ్‌హోల్ కొలత తప్పింది. కుచ్చిళ్ళు పాదం దగ్గర విచ్చుకుపోతున్నాయంటే ఫాల్ బరువు సరిపోలేదు. ఇవి చెప్పు. ఆ పిల్ల లావయింది, నల్లబడింది, వయసు తెలుస్తోంది అన్నావంటే మాత్రం ఆ వీడియో నేను చూడను, మీ అత్తని కూడా చూడనివ్వను.

ఇక్కడే అసలు మాట చెప్పాలి. పరువునష్టం కేసులంటే నీకు భయం లేదన్నావట. ఉండాలి. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద రెండేళ్ళ దాకా శిక్ష ఉంది. కానీ అదే సెక్షన్‌లో నీలాంటివాళ్ళకి ఒక రక్ష కూడా ఉంది. ఎవరైనా తమ పనిని ప్రజల తీర్పుకి పెట్టినప్పుడు, ఆ పని మంచిచెడ్డల మీద సదుద్దేశంతో చెప్పిన అభిప్రాయం పరువునష్టం కాదు. తెర మీద నటన, దర్శకత్వం, పాట ఇవన్నీ మన తీర్పుకి పెట్టినవే. నచ్చలేదని ఎంత గట్టిగా అన్నా తప్పు లేదు. వాళ్ళ కాపరం, గర్భం, జబ్బు, అప్పులు మన తీర్పుకి పెట్టలేదు. 2021 అక్టోబరులో సమంత తన విడాకుల మీద కట్టుకథలు అల్లిన వీడియోల మీద కూకట్‌పల్లి కోర్టుకి వెళితే, వాటిని తీసెయ్యమని కోర్టు ఆదేశించింది. కోర్టు దాకా వెళ్ళలేని చిన్న నటీమణులు ఎందరో ఉన్నారు. వాళ్ళమీద అన్న మాట అలాగే ఉండిపోతుంది, పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు కూడా దాన్నే వెతుక్కుంటారు. నువ్వూ ఆడపిల్లవే. ఏ కబురైనా చదివాక, ఇది ఆమె చేసిన పని గురించా, ఆమె బతుకు గురించా అని చూసుకో. బతుకు గురించైతే ఆమె తనంతట తాను చెప్పినంతవరకే చెప్పు, ఒక్క అక్షరం కలపకు.

చావు కబురు అయితే మరీ జాగ్రత్త. కోట శ్రీనివాసరావు గారు పోయారని 2023 మార్చిలో పుకారు లేచింది. ఆ పెద్దాయన తానే వీడియోలో కనబడి బాగానే ఉన్నానని చెప్పుకోవాల్సి వచ్చింది. ఆయన నిజంగా కన్నుమూసింది 2025 జులై 13న. మధ్యలో రెండేళ్ళకి పైగా బతికిన మనిషిని చంపేశారు. కుటుంబం చెప్పాలి, లేదా ఆసుపత్రి ప్రకటన రావాలి. ఆ రెండూ లేనిదే నోరు విప్పకు. నాలుగు చానెళ్ళలో వచ్చింది కదా అంటావు. నాలుగూ ఒకే చోట నుంచి ఎత్తి రాసినవైతే అది ఒక్క సాక్ష్యమే. మొదట ఎవరు రాశారు, వాళ్ళకి ఎవరు చెప్పారు అని వెనక్కి వెళ్ళి చూడు. సగం కబుర్లు "సమాచారం", "టాక్" అన్న మాటల దగ్గర ఆగిపోతాయి, వాటికి వెనకాల మనిషే ఉండడు. వీడియోలనైనా నమ్మకు. 2023 నవంబరులో వేరే అమ్మాయి వీడియోకి రష్మిక ముఖం అతికించి వదిలారు, దేశమంతా తిరిగింది. అనుమానం వస్తే వీడియోలోంచి ఒక ఫ్రేము తీసి గూగుల్ లెన్స్‌లో వెతుకు, అసలుది బయటపడుతుంది. అనుమానం తీరకపోతే వదిలెయ్. ఒక కబురు చెప్పకపోతే చానెల్‌కి వచ్చిన నష్టమేమీ లేదు.

సినిమా రివ్యూకి వస్తాను. థియేటర్లో ఫోన్ తియ్యకు. టైటిల్ కార్డు తీసి స్టేటస్‌లో పెట్టడం కూడా వద్దు. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం తెరని రికార్డు చేస్తే మూడు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, కనీసం 3 లక్షల జరిమానా. చిన్న నోటుబుక్కు, పెన్సిలు తీసుకెళ్ళు. చూడకుండానే చీకట్లో పెద్ద అక్షరాలతో రెండేసి మాటలు రాసుకో: సన్నివేశం, అనిపించింది. ఇంటర్వెల్ దగ్గర ఒక అడ్డగీత. ఇంటికొచ్చిన వెంటనే వాటిని వాక్యాలు చేసుకో, మర్నాటికి సగం మరిచిపోతావు. ఇతరుల రివ్యూలు నీది రాసేదాకా చూడకు. కథ చెప్పాల్సి వస్తే మొదటి అరగంటలో తేలిపోయేంతవరకే చెప్పు. సర్టిఫికెట్ కూడా చెప్పు. ఇప్పుడు యూఏలోనే 7, 13, 16 ఏళ్ళ మెట్లున్నాయి, పిల్లల్ని తీసుకెళ్ళే తల్లులకి నీ నక్షత్రాల కంటే అదే పనికొస్తుంది.

"ఫొటోగ్రఫీ చీకటిగా ఉంది", "మాటలు వినబడలేదు" అనేముందు ఆగు. మన దగ్గర కొన్ని తెరల్లో ప్రొజెక్టర్ ల్యాంపు పాతబడిపోయినా మార్చరు. తెర మధ్యలో 48 నిట్ల వెలుగు ఉండాలన్నది ప్రమాణం, ల్యాంపు అరిగితే సగానికి పడిపోతుంది, రాత్రి సన్నివేశాలు బొగ్గులా కనబడతాయి. మాటలు ఎక్కువగా తెర వెనక మధ్య స్పీకర్‌లోంచి వస్తాయి. అది పాడైతే పాటలు హోరెత్తుతాయి, డైలాగు నూతిలోంచి వచ్చినట్టుంటుంది. తప్పు కెమెరామన్‌దో, సౌండ్ ఇంజినీరుదో కాదు. ట్రైలర్‌ని మంచి ఫోన్లో, ఇయర్‌ఫోన్లతో చూసి పోల్చుకో. అక్కడ శుభ్రంగా ఉంటే థియేటర్ లోపమని చెప్పు.

మన యాస సినిమాలో వినబడినప్పుడు నీ మాటకి ఇంకెవరికీ లేని విలువ ఉంటుంది. ఎన్నో ఏళ్ళు మన యాసని నవ్వించడానికే వాడుకున్నారు. 2025 ఫిబ్రవరిలో వచ్చిన 'తండేల్' లాంటివి శ్రీకాకుళం మత్స్యకారుల కథని హీరోకే ఇచ్చాయి. అలాంటి సినిమాని మనవాళ్ళ కథ కదా అని నెత్తికెత్తుకోనక్కర్లేదు, చెవి పెట్టి విను. "ఏటి", "బేగి" అని నాలుగు మాటలు చల్లితే యాస కాదు. వాక్యం చివర గొంతు ఎలా లేస్తుంది, "సేత్తన్నాను", "ఎల్తన్నాను" అన్న క్రియలు మొదటి నుంచి చివరిదాకా నిలబడ్డాయా, కోపం వచ్చినప్పుడు పాత్ర పుస్తకాల భాషలోకి జారిపోయిందా? ఇవి హైదరాబాదులో కూర్చున్నవాళ్ళు పట్టుకోలేరు. నువ్వు పట్టుకుంటావు. నువ్వు కూడా కెమెరా ముందు యాంకర్ల గొంతు తెచ్చిపెట్టుకోకు. నువ్వు రోజూ దాటివెళ్ళే విజయనగరం సంగీత కళాశాల 1919లో మొదలైంది. ఘంటసాల, సుశీల అక్కడ చదువుకున్నారు. పాట నేర్పిన ఊళ్ళో ఉండి మాటకి అరువు గొంతు ఎందుకు? మీ అమ్మమ్మతో మాట్లాడినట్టే మాట్లాడు.

కలెక్షన్ల జోలికి వెళితే లెక్క తెలుసుకుని వెళ్ళు. పోస్టర్ మీద వేసేది గ్రాస్, అంటే టికెట్ల మీద వచ్చిన మొత్తం. 177 రూపాయల టికెట్ అనుకో, అందులో 27 జీఎస్‌టీ, నెట్ 150. దాంట్లో థియేటర్ అద్దె, ఖర్చులు పోగా డిస్ట్రిబ్యూటర్‌కి మిగిలేది షేర్. 2025 సెప్టెంబరు 22 నుంచి 100, అంతకి లోపు టికెట్‌కి పన్ను 5 శాతం, పైన 18 శాతం. ఉత్తరాంధ్ర హక్కులు పది కోట్లకి కొన్నారంటే పది కోట్ల షేర్ రావాలి, గ్రాస్ వస్తే చాలదు. ఇది తెలియకనే నష్టపోయిన సినిమాని హిట్ అంటారు, గట్టెక్కినదాన్ని ఫ్లాప్ అంటారు. అంకె చెబితే అది ఎవరి అంకో కూడా చెప్పు: "నిర్మాతలు ప్రకటించిన గ్రాస్".

క్లిప్పుల విషయం. ఐదారు సెకన్లు వాడుకుంటే ఏమీ కాదని ఎవరో చెప్పారన్నావు. చట్టంలో అలాంటి సెకన్ల లెక్క లేదు. కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ విమర్శ కోసం, సమీక్ష కోసం న్యాయంగా వాడుకోనిస్తుంది. అంటే నీ మాట నడుస్తుండగా, ఆ మాటకి అవసరమైనంత. పాట ముక్క వెయ్యకు, వేసిన గంటలో యూట్యూబ్ పట్టేస్తుంది. హక్కుదారులు అది మాదని క్లెయిమ్ పెడితే ఆ వీడియో ఆదాయం పోవచ్చు, స్ట్రైక్, అంటే యూట్యూబ్ హెచ్చరిక, వస్తే చానెల్‌కే దెబ్బ. ఒక్కో స్ట్రైక్ 90 రోజులుంటుంది, ఆ లోపల మూడు పడితే చానెల్ పోతుంది. నిర్మాతలు ఇచ్చే స్టిల్స్‌తో, నీ ముఖంతో, నీ మాటతో నడిపించు.

డబ్బుకి తొందరపడకు. ప్రకటనల ఆదాయం పూర్తిగా రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4000 గంటల వీక్షణ కావాలి. అంతకంటే ముందే చీరల కొట్లవాళ్ళు వస్తారు, నాకు భయం అక్కడ. ఉచితంగా చీర ఇచ్చి "బాగుందని చెప్పమ్మా" అంటారు. తీసుకుంటే వీడియో మొదట్లోనే, తెర మీద అక్షరాలతో, నోటితో కూడా, ఇది ప్రకటన అని చెప్పాలి. కింద వివరణలో దాచిపెట్టకు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రచారం చేసినవాళ్ళకి 10 లక్షల దాకా జరిమానా, మళ్ళీ చేస్తే 50 లక్షలు. ఒకే కంపెనీ ఏడాదిలో ఇచ్చిన కానుకల విలువ 20,000 దాటితే 10 శాతం పన్ను కోస్తారు. చూపించి తిరిగిచ్చేస్తే ఆ గొడవ లేదు. నా మాట వింటే మొదటి ఏడాది అన్నీ తిరిగిచ్చెయ్. నిర్మాతలు ఇచ్చే సినిమా టికెట్లు కూడా వద్దు, నీ డబ్బుతో కొనుక్కుని చూడు.

తిట్లు వస్తాయి. ఒక హీరో సినిమా బాగోలేదంటే వందమంది మీదపడతారు. రాత్రి పడుకునేముందు కామెంట్లు చదవకు. సినిమా గురించి వాదించేవాళ్ళకి జవాబు చెప్పు, నిన్ను తిట్టినవాళ్ళని తీసిపారెయ్. బెదిరింపు వస్తే తీసెయ్యకముందే తేదీ, పేరు కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి, సైబర్ హెల్ప్‌లైన్ 1930కి గానీ సైబర్ క్రైమ్ పోర్టల్‌కి గానీ ఫిర్యాదు చెయ్యి. నాకు ఆ క్షణమే ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా సరే. చానెల్‌కి వేరే మెయిలు పెట్టుకో, ఫోన్ నంబరు ఎక్కడా పెట్టకు. కిటికీలోంచి మీ వీధి కనబడే కోణంలో తియ్యకు. ఆఫీసు ఐడీ కార్డు మెడలో ఉండగా కెమెరా ముందు కూర్చోకు. ఏ థియేటర్లో ఉన్నావో బయటికి వచ్చి ఇల్లు చేరాక పెట్టు.

మొదటి వీడియో పెట్టేముందు మూడు తీసి ఉంచుకో, వారం తప్పకుండా ఉంటుంది. ఆ మూడింటి రాతప్రతులూ తీసుకుని వచ్చే ఆదివారం రా. దిద్దేది నీ అభిప్రాయాల్ని కాదు, అవి నీవి. పేర్లు, తేదీలు, "అట"లు మాత్రం ఎర్ర పెన్నుతో చూస్తాను. పొద్దున్న పాసింజరు ఎక్కితే చీపురుపల్లి, సిగడాం దాటాక మన స్టేషనే. వడికేవాళ్ళ ఇంటికి తీసుకెళ్తాను, పోగు చేత్తో పట్టుకుని చూద్దువు గాని. వాళ్ళని ముందే అడిగి ఉంచుతాను, నువ్వు మైకు తెచ్చుకో. సిగడాం రాగానే ఫోన్ చెయ్యి, స్టేషన్‌కి నేనే వస్తాను.

మీ మావయ్య
పొందూరు